బిల్లు కౌంటరు దగ్గర పౌరుడు

పెద్ద దుకాణంలో సరుకులు తీసుకుని బిల్లు కౌంటరు ముందు నిలబడిన మనిషిని మొదట అడిగేది డబ్బు కాదు, ఫోను నంబరు. ఆ తర్వాత సంచీ కావాలా అన్న ప్రశ్న. దాని వెల బిల్లులో కలుస్తుంది. అర మీద చీటీలో చూసిన తగ్గింపు ధర బిల్లులో కనిపించదు. అడిగితే ఆ ఆఫరు నిన్నటితో ముగిసిందంటారు. వెనుక వరుస పెరుగుతుంటుంది కనుక చాలామంది వాదించకుండా డబ్బు చెల్లించి వెళ్లిపోతారు. ఇవన్నీ చిల్లర చికాకులుగా తోచవచ్చు. కానీ వీటి వెనుక దాదాపు అరవై ఏళ్ల రాజకీయ చరిత్ర ఉంది.

1966 జూన్‌లో ఇందిరా గాంధీ ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించింది. కరువుతో అప్పటికే తిండిగింజల కొరత ఉంది. ధరలు చేయిదాటుతాయన్న భయం ప్రభుత్వాన్ని వెంటాడింది. మరుసటి నెలలోనే ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో సహకార రంగాన సూపర్ బజార్ వెలిసింది. నిత్యావసరాలు సరసమైన ధరకు ఒకేచోట అమ్మితే ప్రైవేటు వ్యాపారుల ధరలకు పగ్గం పడుతుందన్నది దాని వెనుక ఆలోచన. ఈ దేశంలో పెద్ద దుకాణం వినియోగదారుకు రక్షణ అన్న పేరుతోనే మొదలైందన్న మాట. ఆ సంస్థ నష్టాల్లో కూరుకుపోయి 2002లో మూతపడింది.

ఈలోగా రక్షణ బాధ్యత దుకాణం నుంచి చట్టానికి మారింది. 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. అప్పట్లో ప్యాకెట్ల మీద ధర వేసి, పక్కన ‘స్థానిక పన్నులు అదనం’ అని ముద్రించే వెసులుబాటు ఉండేది. ఆ అదనం ఎంతో తేల్చేది అమ్మేవాడే. 1990లో నిబంధనలు సవరించి, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధరను ముద్రించడం తప్పనిసరి చేశారు. అయితే అది పైహద్దు మాత్రమే, సరసమైన ధరకు హామీ కాదు. ఆ హద్దుకూ అసలు అమ్మకపు ధరకూ మధ్యనున్న ఖాళీలోనే ఇవాళ్టి ‘తగ్గింపుల’ వ్యాపారం నడుస్తోంది.

2012 సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తెరిచింది. తృణమూల్ కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకుంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సమ్మతించిన రాష్ట్రాల్లో ఒకటి. డిసెంబరు 5న లోక్‌సభలో ప్రతిపక్షాల తీర్మానం 218–253 ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ వాదోపవాదాల్లో రైతు ఉన్నాడు, కిరాణా వర్తకుడు ఉన్నాడు, విదేశీ పెట్టుబడిదారుడు ఉన్నాడు. కొనుగోలుదారు పేరు చౌక ధరల ప్రస్తావనలో తప్ప పెద్దగా వినిపించలేదు. స్వదేశీదైనా విదేశీదైనా పెద్ద దుకాణం అతనితో ఎలా వ్యవహరించాలన్నది ఎవరికీ ప్రధానాంశం కాలేదు.

పార్లమెంటు వదిలేసిన ఆ ప్రశ్నను మామూలు మనుషులు వినియోగదారుల ఫోరాలకు తీసుకెళ్లారు. కొన్ని రూపాయల సంచీ కోసం దాఖలైన ఫిర్యాదులు జాతీయ కమిషన్ దాకా చేరాయి. ముందుగా తెలియజేయకుండా బిల్లు దగ్గర సంచీకి డబ్బు వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబరులో కమిషన్ తేల్చింది. బిల్లు ఇవ్వడానికి ఫోను నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చిల్లర వ్యాపారులకు సూచించింది. అయినా నంబరు అడగడం ఆగలేదు.

ఎందుకంటే తీర్పు ఒక ఎత్తు, దాన్ని అమలు చేయించే యంత్రాంగం మరో ఎత్తు. జిల్లా, రాష్ట్ర కమిషన్లలో ఖాళీలను ప్రభుత్వాలు భర్తీ చేయకపోవడంపై 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టవలసి వచ్చింది. ఏళ్ల తరబడి వాయిదాలు తప్పవని తెలిస్తే పద్దెనిమిది రూపాయల కోసం కోర్టు మెట్లెక్కేవారెందరు? పెద్ద దుకాణాల ధీమా అక్కడే ఉంది. ధరల మీద ఎన్నికల్లో గొంతు చించుకునే పార్టీలను ఈసారి మరో ప్రశ్న కూడా అడగాలి: మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సభ్యుల కుర్చీలు నిండి ఉన్నాయా?