ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదా? చార్జింగ్ ఎక్కడం లేదా? షాపుకు వెళ్లే ముందు ఇవి చూడండి

రేపు పొద్దున కాలేజీలో ప్రాజెక్టు ఇవ్వాలి. రాత్రి పది గంటలకు బటన్ నొక్కితే ల్యాప్‌టాప్‌లో ఉలుకూ పలుకూ లేదు. ఇంట్లో అందరికీ వచ్చే మొదటి అనుమానం ‘బోర్డు పోయిందేమో’ అని. కంగారు పడకండి. చాలాసార్లు లోపం ప్లగ్గులోనో, తీగలోనో, చార్జర్‌లోనో ఉంటుంది. ఒక్కొక్కటీ వరుసగా చూసుకుంటూ వస్తే కరెంటు ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

ముందుగా: బ్యాటరీ ఉబ్బిందా?

ల్యాప్‌టాప్ మూసి బల్ల మీద పెట్టండి. నాలుగు మూలలూ ఆనకుండా ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? మూత సరిగా పడటం లేదా? వీటిలో ఏది కనిపించినా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఇక చార్జింగ్ పెట్టొద్దు, ఆన్ చేయొద్దు. నొక్కి సరిచేయాలని చూడటం, సూదితో పొడవడం అసలే వద్దు, మంటలు లేవొచ్చు. పరుపులు, కర్టెన్లకు దూరంగా పెట్టి, తెలిసిన టెక్నీషియన్‌తో తీయించండి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత వాటిని తయారుచేసి అమ్మే కంపెనీలదే. సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి.

ప్లగ్గు, చార్జర్

అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. అడాప్టర్ మీద లైటు ఉంటే వెలుగుతోందా గమనించండి. తీగను కదిపినప్పుడల్లా చార్జింగ్ వచ్చి పోతుంటే తీగ లోపల తెగి ఉండొచ్చు, లేదా చార్జింగ్ పిన్ను వదులై ఉండొచ్చు. తీగ చీలి రాగి కనిపిస్తుంటే టేపు చుట్టి వాడకండి.

దుబాయ్, సౌదీ నుంచి మనవాళ్లు తెచ్చిన చార్జర్లకు తరచూ మూడు పలక పిన్నుల ప్లగ్గు ఉంటుంది. మన సాకెట్‌లో పట్టదు కాబట్టి కన్వర్టర్ పెడతాం. అది వదులుగా ఉంటే కరెంటు సరిగా అందదు, ప్లగ్గు కూడా వేడెక్కుతుంది. అడాప్టర్ మీద ‘ఇన్‌పుట్ 100-240 వోల్టులు’ అని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఏమీ అక్కర్లేదు. చాలా చార్జర్లలో గోడ నుంచి అడాప్టర్ దాకా ఉండే తీగ ఊడివస్తుంది. మన పిన్నులున్న తీగ ఒక్కటి కొనుక్కుంటే చాలు.

పక్కింటివాళ్ల చార్జర్‌తో పరీక్షించాలంటే పిన్ను దూరితే సరిపోదు. ‘అవుట్‌పుట్’ దగ్గర వోల్టులు సమానంగా ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. టైప్-సి అయితే వాట్లు చూడండి. 65 వాట్లు కావాల్సిన ల్యాప్‌టాప్‌కు 20 వాట్ల ఫోన్ చార్జర్ పెడితే చార్జింగ్ అసలు ఎక్కకపోవచ్చు, ఎక్కినా నత్తనడకే.

బటన్ చిట్కా

చార్జర్ పీకేయండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే అదీ తీయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత చార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేయండి. లోపల మిగిలిపోయిన కరెంటు దిగిపోయి కొన్ని ల్యాప్‌టాప్‌లు దీంతోనే లేస్తాయి. లైట్లు వెలిగి, ఫ్యాన్ తిరుగుతూ, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటే అది కరెంటు సమస్య కాకపోవచ్చు.

60 లేదా 80 శాతం దగ్గర ఆగిపోతే

ఇది తరచూ లోపమే కాదు. బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి లెనోవో, ఆసుస్ వంటి కంపెనీలు ఇచ్చిన సెట్టింగ్ ఇది. కంపెనీ యాప్‌లో దాన్ని ఆపేస్తే 100 వరకూ ఎక్కుతుంది. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే ల్యాప్‌టాప్‌కైతే అలాగే ఉంచడం మేలు.

బ్యాటరీ ఆయుష్షు ఎంత మిగిలింది?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ‘పవర్’ అనే ఇంగ్లిష్ మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు కలపండి. ఒక స్పేస్ వదిలి, ముందుకు వాలే స్లాష్ పెట్టి, ‘బ్యాటరీ రిపోర్ట్’ అని మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’ కొత్తప్పటి సామర్థ్యం, ‘ఫుల్ చార్జ్ కెపాసిటీ’ ఇప్పటిది. మొదటిది 40,000, రెండోది 18,000 ఉందనుకోండి, సగానికి పైగా పోయినట్టే. కొత్త బ్యాటరీ వేస్తే సరి, ల్యాప్‌టాప్ మార్చక్కర్లేదు.

షాపుకు వెళ్తే

బ్యాటరీ, చార్జర్ పోయినంత మాత్రాన ఫైళ్లు పోవు, అవి డిస్క్‌లో ఉంటాయి. కాస్తయినా ఆన్ అవుతుంటే ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. బ్యాటరీ మార్చడానికి ఫార్మాట్ చేయాల్సిన పని లేదు. ఎవరైనా చేయాలంటే ఎందుకో అడగండి. ‘బోర్డు పోయింది’ అంటే వేరే చార్జర్‌తో, బ్యాటరీ తీసేసి చూశారా అని అడగండి. ఖర్చు ముందే రాయించుకోండి.

ఇక నుంచి పరుపు మీద పెట్టి వాడకండి, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మన ఎండల్లో బండి డిక్కీలోనో, కారులోనో వదిలేయకండి. బ్యాటరీకి వేడిని మించిన శత్రువు లేదు.