దీపం ఎవరింట వెలిగింది?



కోలారు బంగారు గనుల పేరు వినని తెలుగువారు మన సరిహద్దు జిల్లాల్లో ఉండరు. ఆ గనుల్లో యంత్రాలు తిప్పడానికి 1902 జూన్ నెలలో కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు వచ్చింది. రెండింటికీ మధ్య సుమారు 147 కిలోమీటర్ల దూరం. ఆ కాలానికి లోకంలోనే పొడవైన విద్యుత్ మార్గాల్లో అదొకటి. పథకానికి పూనుకున్న మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ ఆ రోజు చూడకుండానే 1901లో కన్నుమూశారు. 1905లో బెంగళూరు వీధుల్లోనూ దీపాలు వెలిగాయి. పల్లెల్లో మాత్రం ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డే దిక్కయింది.

శక్తి ఎంత పుట్టిందన్నది ఒక లెక్క. అది ఎవరి పనికి వచ్చిందన్నది మరో లెక్క. ఈ రెండో లెక్క వేసి చూసిన ఒక చిన్న ఊరి సంగతి ఈ పూట చెప్పుకుందాం.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఆచార్య ఎ.కె.ఎన్. రెడ్డిగారు, ఆయన సహచరులు 'ఆస్ట్రా' అనే విభాగాన్ని నెలకొల్పారు. పల్లెలకు పనికివచ్చే విజ్ఞానం అందించడం దాని ఉద్దేశం. వాళ్లు తుముకూరు జిల్లాలోని పుర అనే గ్రామంలో ఇంటింటికీ తిరిగి, ఏ పనికి ఏ శక్తి ఎంత ఖర్చవుతోందో లెక్కగట్టారు. నూటికి ఎనభై పాళ్లకు పైగా వంటచెరకు నుంచే వస్తోందని తేలింది. కరెంటు వాటా ఒక్క పాలు కూడా లేదు! పల్లె శక్తి అంటే కరెంటు తీగ కాదు, ఆడవాళ్ల నెత్తిమీది కట్టెల మోపు అని ఆ లెక్క తేటతెల్లం చేసింది.

ఆ ఊళ్లో పేడతో సామూహిక గోబర్ గ్యాస్ కట్టారు. మొదట ఇంటింటికీ వంటగ్యాస్ ఇవ్వాలనుకున్నారు. కానీ ఊరి పశువుల పేడ అందరి వంటకూ చాలలేదు. పైగా ఊరివారు ముందుగా కోరింది మంచినీళ్లు. దాంతో పద్ధతి మార్చి, 1987 నుంచి ఆ గ్యాసుకు కొద్దిగా డీజిలు జోడించి ఇంజను నడిపారు. ఆ కరెంటుతో బోరునీళ్లు కొళాయిలకు వచ్చాయి, ఇళ్లలో దీపాలు వెలిగాయి. పేడ తెచ్చిన వారికి కొద్ది పైసలూ ముట్టాయి, గ్యాసు తీయగా మిగిలిన ఎరువూ తిరిగి దక్కింది. దాదాపు పదేళ్లు నడిచి ఆ ఏర్పాటు ఆగిపోయింది. యంత్రం ఒక్కటే ఉంటే చాలదు, దాన్ని నిలబెట్టే ఊరి కట్టుబాటు కూడా నిలవాలి.

రెడ్డిగారు అక్కడితో ఆగలేదు. 1990ల మొదట్లో కర్ణాటక మొత్తానికి ఇలాంటి లెక్కే వేశారు. పాత బల్బులు మార్చడం, నీళ్లు కాచడానికి ఎండను వాడుకోవడం, పంపుసెట్ల లోపాలు సరిదిద్దడం వంటి పనులతో కొత్త విద్యుత్ కేంద్రాల అవసరాన్ని ఎంతో తగ్గించవచ్చని చూపారు. ఆయన 2006లో కాలం చేశారు.

ఇక అదే తుముకూరు జిల్లాలో, మన తెలుగు మాట వినిపించే పావగడ తాలూకాకు రండి. కరువు నేలగా పేరుపడిన అక్కడ సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2019 చివరికి పూర్తయింది. భూమిగల రైతుకు ఎకరాకు ఏటా 21 వేల రూపాయల కౌలు నిర్ణయించారు. సంతోషమే. మరి ఆ చేలల్లో కలుపు తీసి బతికిన కూలివారికి ఏ కౌలు? పొగ లేని శక్తి వచ్చినా, శివనసముద్రం నాటి ప్రశ్న అలాగే నిలిచి ఉంది.

దానికి జవాబు ప్రభుత్వాలూ, పంచాయతీలూ వెతకాలి. మనవంతు పని ఇంట్లోనే ఉంది. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్ఇడి దీపం ఇస్తుంది. గిన్నెమీద మూత పెడితే వంట త్వరగా అవుతుంది. బావిలో ఫుట్‌వాల్వు సరైనది వేస్తే మోటారు మీద భారం తగ్గుతుంది. పుర గ్రామంలో చేసినట్లే, ఈ రాత్రి మీ ఇంటి లెక్క మీరే వేసి చూడండి. ఏ పనికి ఎంత ఖర్చవుతోందో తెలిస్తే, ఎక్కడ ఆదా చేయాలో దానంతటదే తెలుస్తుంది.