పాటకు బొమ్మ కట్టిన సోఫీ ముల్లర్

శుక్రవారం సాయంత్రం చిత్రలహరి వేళకి పొయ్యి మీద కూర మాడిపోయిన రోజులు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. పక్కింటి పిల్లలూ, ఎదురింటి మామ్మగారూ అంతా టీవీ ముందు చేరేవారు. అప్పట్లో మనకు పాటను చూడటమంటే సినిమా పాటను చూడటమే. పాట రాసిందెవరు, పాడిందెవరు, స్వరం కట్టిందెవరు అంటే టకటకా చెప్పేవాళ్ళం. తెరకెక్కించిందెవరంటే మాత్రం సినిమా దర్శకుడి పేరు చెప్పి ఊరుకునేవాళ్ళం.

ఇంగ్లండు, అమెరికాల్లో సంగతి వేరు. అక్కడ గాయకులు రికార్డు విడుదల చేస్తే, దాన్ని అమ్ముకోవడానికి ఆ ఒక్క పాటకే మూడు నాలుగు నిమిషాల చిన్న చిత్రం తీయిస్తారు. వెనక పెద్ద సినిమా ఏమీ ఉండదు. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ అని, పగలూ రాత్రీ ఇలాంటి పాటలే చూపించే ఛానలు మొదలైంది. అది మొట్టమొదట వేసిన పాట పేరుకు అర్థమేమిటో తెలుసా? వీడియో వచ్చి రేడియో తారను చంపేసిందని! రేడియోలో కూర్చుని ఈ మాట చెబుతూంటే నాకే నవ్వొస్తోంది. రేడియో చావలేదు, మీరూ నేనూ సాక్షులం.

ఆ కొత్త పనిలో పేరు తెచ్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. వాళ్ళ మధ్యకి వచ్చి మూడు వందలకు పైగా పాటలకు బొమ్మ కట్టిన స్త్రీ ఒకరున్నారు. పేరు సోఫీ ముల్లర్. 1962లో లండన్‌లో పుట్టి, ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న ద్వీపంలో పెరిగింది. లండన్‌లోని సెంట్ మార్టిన్స్ కళాశాలలోనూ, తర్వాత రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోనూ చదువుకుంది.

ఆవిడకు పేరు తెచ్చింది యూరిథ్మిక్స్ అనే జంట. అందులో పాడే ఆవిడ ఆనీ లెనక్స్. వాళ్ళ "శావేజ్" అనే రికార్డు 1987లో వచ్చింది. అందులోని పన్నెండు పాటలకూ చిత్రాలు తీసి, 1988లో వీడియో క్యాసెట్టుగా విడుదల చేశారు. ఒక్కసారిగా పన్నెండంటే మాటలా!

వాటిలో మొదటి పాట గురించి మీకు తప్పక చెప్పాలి, ఎందుకంటే అందులో ఉన్నది ఒక ఇల్లాలు. బిగబట్టిన మొహంతో కూర్చుని ఉన్ని అల్లుతూంటుంది. లేచి ఇల్లు తుడుస్తుంది. తుడిచినదే మళ్ళీ తుడుస్తుంది. మరక కనబడితే ప్రాణం పోయినట్లు చేస్తుంది. చూస్తూంటే మనకు నవ్వూ వస్తుంది, గుండె కలుక్కూమంటుంది. చివరికి అదే మనిషి బంగారు రంగు జుట్టు, మెరిసే గౌను వేసుకుని, తాను అద్దంలా ఉంచిన ఇంటిని చెల్లాచెదురు చేసి బయటికి నడుస్తుంది. మంచి ఇల్లాలూ, చెడ్డ ఆడదీ అని లోకం చేసిన రెండు ముక్కలూ ఒకే మనిషివని నాలుగు నిమిషాల్లో చూపించారు. ఆ పాత్రను అమ్మాయి ఒళ్ళు చూపించడానికి వాడుకోలేదు. అక్కడే ఆవిడ చెయ్యి తెలుస్తుంది.

1992 ఆవిడకు పంట పండిన సంవత్సరం. ఆనీ లెనక్స్ ఒంటరిగా పాడిన "వై" అనే పాటలో ఆవిడ ఏ అలంకారమూ లేని మొహంతో అద్దం ముందు కూర్చుంటుంది. పౌడరూ, కాటుకా, ఈకల కిరీటమూ ఒకటొకటే పెట్టుకుంటూ నాటకాల రాణిలా తయారవుతుంది. అంతే కథ! కాని అలంకారం పెరిగేకొద్దీ ఆ కళ్ళలో దిగులూ పెరుగుతుంది. దానికి ఆ ఏడే ఎంటీవీ బహుమతి వచ్చింది. ఆ రికార్డు పాటలతో తీసిన "డీవా"కు 1993లో గ్రామీ బహుమతి వచ్చింది.

1992లోనే "స్టే" అనే పాట. స్పృహ లేకుండా పడి ఉన్న ప్రియుడి పక్కన ఒకామె కాపలా కూర్చుంటుంది. మెట్ల మీంచి నల్లటి దుస్తుల్లో మృత్యువు దిగి వస్తుంది. ఆ మృత్యువూ స్త్రీయే. ఇద్దరూ అతనికోసం పెనుగులాడతారు, చివరికి అతను కళ్ళు తెరుస్తాడు. సావిత్రి కథ వాళ్ళకి తెలిసి తీశారని నేననను, కాని మనం చూస్తే సావిత్రే గుర్తుకొస్తుంది. ఆ పాట ఇంగ్లండులో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. షాదే పాడిన మరో పాటలో ఒక మత్స్యకన్య పెళ్ళి గౌను వేసుకుని, నావికుణ్ణి వెతుక్కుంటూ ఒడ్డుకు వస్తుంది. గ్లాసు నీళ్ళలో ఉప్పు కలుపుకుని తాగుతుంది పాపం, సముద్రం పిల్ల కదా!

ఆవిడ పనితనం నాకు బాగా తెలిసొచ్చింది "డోంట్ స్పీక్" దగ్గర. నో డౌట్ అనే అమెరికా బృందంలో పాడే అమ్మాయి గ్వెన్ స్టెఫానీ. అదే బృందంలో వాయించే కుర్రాడితో ప్రేమ చెడిపోతే పుట్టిన పాట అది. రోజూ అతని పక్కనే నిలబడి ఆ పాట పాడాలి, చూడండి ఆ యాతన! దానికి తోడు పత్రికలవాళ్ళు అమ్మాయినొక్కదాన్నే ముందుకు పిలిచి ఫోటో తీస్తారు, తక్కిన ముగ్గురికీ మంట. బృందం విడిపోయేదాకా వచ్చిందట. సోఫీ ముల్లర్ చిత్రంలో ఆ గొడవ దాచలేదు. గ్యారేజీలో వాయించుకునే నలుగురు, ఫోటోగ్రాఫరు ముందు పక్కకి నెట్టబడే ముగ్గురు, మధ్యలో ఏం చెయ్యాలో తెలియని అమ్మాయి. వాళ్ళచేత వాళ్ళ బాధనే నటింపజేశారు. 1997లో ఉత్తమ బృంద చిత్రంగా దానికి ఎంటీవీ బహుమతి వచ్చింది. ఆ బృందమూ వెంటనే విడిపోలేదు.

అన్నీ ఇంత గొప్పవే అనను. మూడు వందల్లో అమ్మకపు సరుకు కొంత ఉంటుంది. కొన్నిటికి పాటే పెద్దది, బొమ్మ చిన్నది. అయినా బ్లర్ బృందాన్ని ఒక చిన్న గదిలో గాలి విసిరికొట్టినట్లు గోడలకేసి కొట్టించిందీ ఆవిడే, 2006లో ప్రపంచమంతా ఊగిన షకీరా నడుము పాటా ఆవిడదే. ఇంటర్నెట్టు వచ్చి రికార్డుల అమ్మకాలు పడిపోయాక ఈ చిత్రాలకు పెట్టే డబ్బు బాగా తగ్గింది. చాలామంది సినిమాలకో ప్రకటనలకో వెళ్ళిపోయారు. ఈవిడ మాత్రం తరచు కెమెరా తానే పట్టుకుని, కూర్పూ తానే చేసుకుంటూ నిలబడింది. 2016 ఫిబ్రవరిలో గ్రామీ ప్రసారం మధ్య ప్రకటనల సమయంలో, గ్వెన్ స్టెఫానీ పాటను నాలుగు నిమిషాలు ప్రత్యక్షంగా, అప్పటికప్పుడు తీసి చూపించారు. మళ్ళీ తీద్దామనే వీలే లేదు.

ఇంత చేసినా పేరు ఎక్కడుంటుందంటారా? ఎంటీవీ తెర మూల గాయకుల పేరుతో పాటు దర్శకుల పేరు కూడా వెయ్యడం మొదలుపెట్టింది 1992లోనే. అంతకుముందు పదకొండేళ్ళు వాళ్ళెవరో చూసేవాళ్ళకి తెలియనే తెలియదు.

2001లో సోఫీ ఎలిస్-బెక్స్‌టర్ పాడిన ఒక నృత్యం పాట, 2023లో వచ్చిన "సాల్ట్‌బర్న్" సినిమా పుణ్యమా అని 2024 జనవరిలో మళ్ళీ పాటల పట్టికల్లోకి ఎక్కింది. మా మేనకోడలు ఫోనులో అదే పెట్టుకుని తిరిగేది. దానికి బొమ్మ కట్టింది సోఫీ ముల్లరమ్మా అంటే, "పాడిందా అత్తయ్యా?" అంది. కాదు అన్నాను. "ఆడిందా?" కాదు. "మరేం చేసింది?" అంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఆ ఇల్లు తుడిచే ఇల్లాలి పాట పెట్టాను.