లాయం ఇల్లయిన తోవ

గుర్రపు లాయాన్ని కాపురానికి మలచుకోవడం గురించి ఎక్కడ చదివినా కథ లండన్‌లోనే మొదలవుతుంది. అక్కడి మ్యూస్ సందుల్లో కింద గుర్రాలు, పైన బండి తోలేవాళ్ళు. కారు వచ్చింది, గుర్రం పోయింది, కలిగినవాళ్ళు ఆ సందులు కొనుక్కుని ముచ్చటైన ఇళ్ళు చేసుకున్నారు. న్యూయార్క్‌లో 1907లో గెర్‌ట్రూడ్ విట్నీ మెక్‌డూగల్ సందులోని లాయాన్ని శిల్పశాల చేసుకోవడం కూడా ఆ వరుసలోనే చెబుతారు. ఈ కథ లండన్‌కే పూర్తిగా సరిపోదు. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే బాల్యం అక్కడే ఒక బండ్లసాల మీది గదుల్లో గడిచింది. అది పద్దెనిమిదో శతాబ్దపు చివరి మాట, కారు రాకకు చాలా ముందు.

కృష్ణా తుంగభద్రల నడిమి మా అంతర్వేదికి, గిల్లేసూగూరు, రాయచూరు సీమకు, ఆ కథ అసలే అతకదు. ఇక్కడ లాయాలు ఖాళీ కావడానికి కారు కన్నా ముందు దండు కారణమని నా వాదన.

పాత సంగతులు అందరికీ తెలిసినవే. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనం, గోవా రేవు గుండా దిగిన అరబ్బీ గుర్రాలు, 1520 మేలో ఇస్మాయిల్ ఆదిల్‌షా మీద కృష్ణదేవరాయల గెలుపు. చరిత్రకారులు ఇక్కడ చాలాసేపు నిలుస్తారు. కానీ రాజుల అశ్వశాలలను చూసి మామూలు ఇళ్ళ కథ చెప్పలేం.

చూడవలసింది 1853 నుంచి 1903 దాకా గడిచిన యాభై ఏళ్ళు. ఇంగ్లీషు అధికారుల కింద నడిచే హైదరాబాద్ కంటింజెంట్ దండు ఖర్చు బాకీపడి, నిజాం 1853 ఒప్పందంలో బేరారుతోపాటు మా అంతర్వేదిని కూడా ఇంగ్లీషువాళ్ళకు అప్పగించవలసి వచ్చింది. 1860లో అది తిరిగి వచ్చింది. దండులో రెండు వేలకు తగ్గకుండా రౌతులుండాలని 1853 ఒప్పందంలోనే రాసుకున్నారు. లింగసూగూరులో ఆ దండు విడిది ఉండేది. రౌతులది సిలేదారీ పద్ధతి. గుర్రం సర్కారుది కాదు, రౌతుదే. మేతా నాడాలూ అతని జీతంలోంచే. స్తోమతున్న సిలేదారు ఒకటికి మించి గుర్రాలు పెట్టి, వాటి మీద బార్గీర్లను, అంటే సొంత గుర్రం లేని రౌతులను, ఎక్కించేవాడు. అంటే ఎద్దు రైతుకెలాగో గుర్రం అతనికలాగ, ఇంటి ఆస్తి. అలాగని ప్రతి రౌతు ఇంటి వెనకా లాయం ఉండేదని నేననను. విడిదిలో ఉన్నన్నాళ్ళూ గుర్రాలను దండు వరుసల్లోనే కట్టేవాళ్ళు. నేననేదల్లా, గుర్రం ఖర్చు కుటుంబం మోసిన చోట, దండు కొలువు పోగానే లాయం కూడా బరువైందని. 1903లో కంటింజెంట్‌ను భారత సైన్యంలో కలిపేశారు. దాని రౌతు దళాలు డెక్కన్ హార్స్ వంటి పేర్లతో వేరే లెక్కలోకి వెళ్ళాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సిలేదారీ పద్ధతే పోయింది. 1949లో జాగీర్ల రద్దుతో దొరల లాయాలకూ ఆధారం తెగింది.

రైలు వల్ల గుర్రం పోయిందనవచ్చు. రాయచూరుకు 1871లోనే రైలు వచ్చిన మాట నిజం. కానీ స్టేషన్‌లో దిగినవాణ్ణి ఇంటికి చేర్చింది జట్కాయే. రైలు ఆ గుర్రానికి పని పెంచింది.

మన లాయం కట్టడమూ వేరు. ఇంగ్లీషు లాయంలో గుర్రానికొక అర ఉంటుంది. ఇక్కడ ముందు అగాడీ, వెనక పిచ్చాడీ తాళ్ళతో వరుసగా కట్టేవాళ్ళు కాబట్టి అడ్డుగోడలు అక్కర్లేదు. ముందు స్తంభాలు, వెనక గోడ, మధ్య పొడుగాటి సాల. స్తంభాల నడుమ గోడ లేపితే గదులు వాటంతటవే ఏర్పడతాయి. పైగా మా మట్టిమిద్దెల్లో గడప దాటగానే ఎడ్ల గాడి, దాని పక్కన ఎత్తుగా మనుషులుండే చోటు, పైన గవాచి వెలుతురు. జీవాలతో ఒకే కప్పు కింద బతికినవాళ్ళకు లాయంలో కాపురం వింతగా తోచి ఉండదు.

లాయాలను ఇళ్ళు చేయడానికి ఇవాళ చేస్తున్న మార్పులు చూస్తే నాకు దిగులేస్తుంది. గుర్రం మూత్రం ఏళ్ళ తరబడి నేలలో ఇంకి పెట్లుప్పవుతుంది. ఒకప్పుడు అలాంటి మట్టి నుంచే తుపాకిమందుకు సురేకారం తీసేవాళ్ళు. ఆ ఉప్పు చెమ్మతో కలిసి గోడెక్కుతుంది. సున్నపు గార చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, ఇంకా పైకి పాకి, రంగుతో సహా పెచ్చులు ఊడదీస్తుంది. వాలు నేలను చదును చేసి గ్రానైటు పరవడం, గుర్రాల ఊపిరి కోసం ఎత్తున పెట్టిన కిటికీలను ఫాల్స్ సీలింగ్‌తో మూయడం కూడా అలాంటి తప్పులే. మొదట పాత మట్టిని తవ్వి తీసెయ్యాలి. గోడలకు సున్నమే పూయాలి. అది కొన్నేళ్ళు పొడిపొడిగా రాలుతుంది. రాలనివ్వాలి, ఊడ్చి మళ్ళీ పూయాలి. గోడ తాగిన ఉప్పు ఆ పొడితోనే బయటికి పోతుంది.