ఏడ్రియాటిక్ తూర్పు తీరం: యాత్రికుల చూపు – పట్టణం – పల్లెసీమ

ఉపోద్ఘాతం

వెనిస్‌లో మొదలై ట్రియెస్ట్, పిరాన్, పొరెచ్, జాదర్, స్ప్లిట్, హ్వార్, డుబ్రోవ్నిక్‌ల మీదుగా కోటోర్ దాకా సాగే విహారయాత్ర నేడు ఐరోపాలో బహుళ ప్రచారం పొందింది. ఈ దారిలో యాత్రికుడు ఇటలీ, స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా-హెర్జెగోవినా, మాంటెనెగ్రో అనే ఐదు దేశాల నేల మీద అడుగు పెడతాడు. దేశం మారుతున్నా కంటికి కనిపించే పట్టణం మారదు. సముద్రాన్ని ఆనుకున్న కోటగోడ, తెల్లని సున్నపురాతి వీధి, గంటల గోపురం, చాలాచోట్ల ద్వారం మీద వెనిస్ చిహ్నమైన రెక్కల సింహం ఎదురవుతూనే ఉంటాయి. గోడ దాటిన వెంటనే మొదలయ్యే కొండపొలం, ఆలివ్ తోట, ఉప్పుమడి మాత్రం ప్రయాణ వాహనపు కిటికీలోంచి కదిలిపోయే దృశ్యాలుగా మిగిలిపోతాయి.

ఈ తీరాన్ని చూసే పద్ధతికి ఐదు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. తీర్థయాత్రికులు, శిథిలాల అన్వేషకులు, ఆవిరినౌకల విహారులు వరుసగా ఈ దారిన నడిచారు. వారి చూపులో పట్టణం ఎలా నిలిచింది, పల్లెసీమ ఎలా జారిపోయింది అనేది ఈ వ్యాసం పరిశీలించే అంశం. పల్లెసీమను వదిలి చదివితే ఈ పట్టణాల చరిత్ర సగమే అర్థమవుతుందని, నేడు ఆ పట్టణాలు ఎదుర్కొంటున్న సంక్షోభానికీ ఆ సగం చూపుకూ సంబంధం ఉందని ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

తీర్థయాత్రికుల ఓడదారి

15వ శతాబ్దంలో ఐరోపా నుండి జెరూసలేముకు వెళ్లే క్రైస్తవ యాత్రికులకు వెనిస్ ప్రధాన రేవు. ఓడ యజమానికీ యాత్రికునికీ మధ్య వ్రాతపూర్వకమైన ఒడంబడిక ఉండేది. రానుపోను ప్రయాణం, రోజుకు రెండుపూటల భోజనం, దారిలో చెల్లించవలసిన సుంకాలు మొదలైనవి అందులో చేరేవి. నగరంలో యాత్రికులకు తోడ్పడేందుకు వెనిస్ ప్రభుత్వమే మార్గదర్శకులను నియమించేది. నేటి యాత్రాసంస్థలు చేసే ఏర్పాటుకు ఇది పూర్వరూపం అనవచ్చు.

ఆనాటి తెడ్ల నౌకలు తీరాన్ని అంటిపెట్టుకునే సాగేవి. తెడ్లు వేసేవారు అధిక సంఖ్యలో ఉండటం వల్ల మంచినీటికీ ఆహారానికీ తరచుగా రేవు పట్టక తప్పేది కాదు. పొరెచ్, జాదర్, డుబ్రోవ్నిక్ వంటివి ఆ విధంగా మజిలీలు అయినాయి. నేటి విహారయాత్ర ఆగే చోట్లు చాలావరకు ఆ పాత మజిలీలే. 1480లోనూ 1483లోనూ ఈ దారిన వెళ్లిన ఉల్మ్ నగరపు సన్యాసి ఫెలిక్స్ ఫాబ్రి, 1494లో వెళ్లిన మిలాన్ మతాధికారి పియెత్రో కసోలా తమ ప్రయాణాలను విస్తారంగా గ్రంథస్థం చేశారు. వారు చర్చిలను, పవిత్ర అవశేషాలను, కోటలను శ్రద్ధగా వర్ణించారు. ఓడలోకి ఎక్కిన నీరు, రొట్టె, ద్రాక్షసారాయి ఏ పల్లె నుండి వచ్చాయన్న ప్రశ్నకు తీర్థయాత్రికుని గమ్యంలో చోటు లేదు.

మోటుపల్లి, కోర్చులా

ఈ తీరానికి తెలుగు దేశంతో ఒక పరోక్షమైన చారిత్రక సంబంధం కూడా ఉంది. 1298లో కోర్చులా ద్వీపం దగ్గర వెనిస్, జెనోవా నౌకాదళాల మధ్య జరిగిన యుద్ధంలో వెనిస్ ఓడిపోయింది. ఆ కాలంలో జెనోవాకు బందీగా చిక్కిన మార్కో పోలో చెరసాలలో తన ప్రయాణ విశేషాలు చెప్పగా పీసా నగరపు రుస్తికెల్లో వ్రాశాడు. అందులో ముత్ఫిలి అనే రాజ్యం, దానిని పాలించే రాణి, అక్కడి వజ్రాలు, సన్నని వస్త్రాలు ప్రస్తావనకు వచ్చాయి. ముత్ఫిలి మోటుపల్లి అనీ, ఆ రాణి రుద్రమదేవి అనీ చరిత్రకారులు గుర్తించారు.

రుద్రమ తండ్రి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం 1244-45 నాటిది. తుపానుకు ఒడ్డెక్కిన ఓడల సరుకును రాజులు లాక్కునే పూర్వాచారాన్ని అది రద్దు చేసి, నియమిత సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు అభయమిచ్చింది. ఓడలను, వర్తకాన్ని, నగర నిర్మాణాన్ని నియమబద్ధం చేసిన డుబ్రోవ్నిక్ శాసనసంపుటి 1272 నాటిది. ఒకదాని ప్రభావం మరొకదానిపై ఉందని చెప్పడానికి వీలులేదు. రేవు బతకాలంటే పరదేశి వర్తకునికి నమ్మకం కలగాలన్న ఎరుక మాత్రం రెండు తీరాలలోనూ ఒకే శతాబ్దంలో శాసనరూపం ధరించింది. మార్కో పోలో మోటుపల్లి ప్రస్తావనలో మరొక విశేషం ఉంది. ఆయన రేవుతో ఆగక వజ్రాలు దొరికే కొండలను, వస్త్రాలు తయారయ్యే దేశాన్ని కలిపి చెప్పాడు. రేవు వెనుక నేల ఉంటుందని వర్తకుని కన్ను గుర్తించింది.

గోడ వెనుక నేల

ఆ కన్నుతో డుబ్రోవ్నిక్‌ను చూస్తే పట్టణం మరోలా కనిపిస్తుంది. పడమటి ద్వారం దాటగానే యాత్రికులు గుమిగూడే ఒనోఫ్రియో నీటితొట్టి 15వ శతాబ్దపు నిర్మాణం. దానికి నీరు షుమెట్ గ్రామ ప్రాంతపు ఊటల నుండి, సుమారు 12 కిలోమీటర్ల కాలువ ద్వారా వచ్చేది. పట్టణానికి గర్వకారణమైన తొట్టి పల్లె నీటికి చివరి మజిలీ అన్నమాట. 1333లో డుబ్రోవ్నిక్ స్టోన్ పట్టణాన్ని, పెల్యెషాట్స్ ద్వీపకల్పాన్ని సంపాదించి అక్కడ పొడవైన రక్షణగోడలు కట్టించింది. ఆ గోడలు కాపాడిన సంపదలో ముఖ్యమైనది ఉప్పు. అక్కడి ఉప్పుమడులు గణతంత్రానికి పెద్ద ఆదాయవనరు. 15వ శతాబ్దం తొలి దశకాల్లో చేరిన కొనవ్లె లోయ పట్టణానికి ధాన్యాన్ని, ద్రాక్షసారాయిని ఇచ్చింది.

వెనిస్ సంగతీ ఇటువంటిదే. ఆ నగర భవనాలకు వాడిన తెల్లరాయి ఇస్ట్రియా గనులది. దాని నౌకా నిర్మాణశాలకు ఓక్ కలప ఇస్ట్రియాలోని మోటోవున్ అడవి నుండి వెళ్లేది. ప్రభుత్వ అవసరాలకు కేటాయించిన ఆ అడవిలో చెట్టు కొట్టే స్వేచ్ఛ స్థానిక రైతుకు లేదు. హ్వార్ ద్వీపంలోని స్టారి గ్రాడ్ మైదానాన్ని క్రీ.పూ. 384లో పారోస్ నుండి వచ్చిన గ్రీకులు రాతిగట్లతో పొలాలుగా విభజించారు. ఆ విభజన రేఖల మీదనే నేటికీ ద్రాక్ష, ఆలివ్ సాగు జరుగుతున్నది. ఈ తీరంలో అన్నిటికన్నా పాతదైన కట్టడాలలో ఒకటి పొలం గట్టు అన్న సత్యం యాత్రాపట్టికలలో అరుదుగా కనిపిస్తుంది.

రెండు పుస్తకాలు, రెండు చూపులు

18వ శతాబ్దంలో తీర్థయాత్రికుని స్థానంలోకి ప్రాచీన కళాభిమాని వచ్చాడు. స్కాట్లండ్ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ 1757లో స్ప్లిట్‌లో కొన్ని వారాలు ఉండి, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ భవనాన్ని కొలిపించి 1764లో చిత్రపటాలతో గ్రంథం ప్రకటించాడు. 7వ శతాబ్దంలో సలోనా నగరం పాడైనప్పుడు అక్కడి ప్రజలు ఈ భవనంలో తలదాచుకున్నారు. నాటి నుండి అది వేలమంది నివసించే పట్టణం. ఆడమ్ ఊహించి గీసిన పునర్నిర్మాణ పటాల్లో ఆ జనుల ఇళ్లు లేవు. భవనం తొలినాటి రూపం కోసం వెయ్యేళ్ల జనజీవనం పక్కకు తొలగింది. ఆ పటాలు ఐరోపా వాస్తుకళను ప్రభావితం చేశాయి. నిర్జనమైన రాతినే చరిత్రగా చూసే అలవాటు కూడా వాటితో బలపడింది.

1774లో వెనిస్‌లో వెలువడిన అబ్బాతె అల్బెర్తో ఫోర్తిస్ డాల్మేషియా యాత్రాగ్రంథం దీనికి భిన్నమైనది. ప్రకృతిశాస్త్రజ్ఞుడైన ఫోర్తిస్ రాళ్లను, నదులను, చేపలను పరిశీలిస్తూనే కొండప్రాంతపు మొర్లాక్ ప్రజల ఆచారాలకు ఒక అధ్యాయం కేటాయించాడు. హసన్ ఆగా భార్య విషాదగాథను చెప్పే జానపద గేయాన్ని మూలంతోనూ ఇటాలియన్ అనువాదంతోనూ అచ్చు వేయించాడు. గాయపడిన భర్తను చూడటానికి సిగ్గు అడ్డువచ్చి వెళ్లలేకపోయిన ఇల్లాలు, భర్త త్యజించగా, పుట్టింటివారు మరొక పెళ్లికి ఒత్తిడి చేయగా, తన పిల్లల ఎదుట ప్రాణం విడుస్తుంది. ఈ గేయాన్ని గోథే జర్మన్‌లోకి అనువదించాడు. హెర్డర్ 1778లో ప్రకటించిన జానపద గేయ సంకలనంలో ఆ అనువాదం చేరింది. తీరపట్టణాల భవనాలతో పాటు పల్లెసీమ పాట కూడా ఐరోపా సాహిత్యంలోకి ప్రవేశించింది.

అయినా ఫోర్తిస్ చూపు నిర్దుష్టం కాదు. మొర్లాకులను ఆయన కొంత ఆదిమ అమాయకులుగా చిత్రించాడు. సిన్ ప్రాంతానికి చెందిన యువకుడు ఇవాన్ లోవ్రిచ్ 1776లో ఆ గ్రంథంలోని తప్పులను ఎత్తిచూపుతూ మరొక గ్రంథం వ్రాశాడు. యాత్రికుడు వర్ణించిన జనపదం నుండి వచ్చినవాడే యాత్రికుణ్ణి సవరించిన సందర్భం ఇది. యాత్రాసాహిత్య విమర్శలో ఇటువంటి ప్రతివచనానికి మూలగ్రంథంతో సమానమైన స్థానం ఉండాలి.

నౌకలు, సరిహద్దులు

వెనిస్ గణతంత్రం 1797లో, డుబ్రోవ్నిక్ గణతంత్రం 1808లో అంతరించాయి. 1815 తర్వాత తీరంలో అధికభాగం ఆస్ట్రియా ఏలుబడిలోకి వచ్చింది. ట్రియెస్ట్ కేంద్రంగా ఆస్ట్రియన్ లాయిడ్ సంస్థ 1836లో ఆవిరినౌకల విభాగాన్ని ప్రారంభించింది. 1857లో వియన్నా నుండి ట్రియెస్ట్‌కు రైలుమార్గం పూర్తయింది. 1868లో హ్వార్‌లో ఆరోగ్యవిహారులను ఆకర్షించేందుకు ఒక సంఘం ఏర్పడింది. ఐరోపాలో యాత్రికుల కోసం వెలసిన తొలి సంఘాలలో ఇది ఒకటి. మరికొన్ని దశాబ్దాలకు ఫిలాక్సెరా తెగులు డాల్మేషియా ద్రాక్షతోటలను నాశనం చేసింది. బతుకుతెరువు కోల్పోయిన రైతు కుటుంబాలు అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు తరలిపోయాయి. విహారులను దించే రేవుల నుండే వలసజీవులూ బయలుదేరారు. ఒకే దృశ్యానికి చెందిన ఈ రెండు పార్శ్వాలలో ఒకటే నేటి యాత్రావర్ణనలలో నిలిచింది.

నేడు యాత్రికుడు దాటే సరిహద్దుల చరిత్ర కూడా పట్టణాలతోనే ముడిపడి ఉంది. బోస్నియాకు నేయుమ్ దగ్గర 20 కిలోమీటర్లకు కాస్త మించిన తీరం ఉంది. 1699 కార్లొవిట్స్ సంధి సమయంలో వెనిస్ తనను చుట్టుముట్టకుండా ఉండేందుకు డుబ్రోవ్నిక్ తన భూమి రెండు కొసలను ఒట్టోమన్ సామ్రాజ్యానికి వదులుకుంది. వాటిలో ఒకటి నేయుమ్. పొరుగు రేవుకు భయపడి ఒక చిన్న గణతంత్రం చేసిన ఏర్పాటు మూడు శతాబ్దాల తర్వాత అంతర్జాతీయ సరిహద్దుగా మిగిలింది. దానిని తప్పించి పోయేందుకు క్రొయేషియా నిర్మించిన పెల్యెషాట్స్ వంతెన 2022లో ప్రారంభమైంది.

ఉత్తరాన ఇస్ట్రియాలో సరిహద్దు మరింత బాధాకరమైనది. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత, ముఖ్యంగా 1947 సంధి దరిమిలా, రెండు లక్షలకు పైగా జనం ఆ తీరాన్ని విడిచిపోయారని అంచనా. వారిలో అత్యధికులు ఇటాలియన్ భాషీయులు. పిరాన్‌లో వీధిపేర్లు నేటికీ రెండు భాషల్లో ఉండటం ఆ పాత సహజీవనపు ఆనవాలు. 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్ ప్రాంతంలో చేరడంతో స్లొవేనియా, క్రొయేషియాల మధ్య సాధారణ తనిఖీలు ఆనాడు తొలగాయి. యాత్రికునికి అది సౌకర్యం. ఆ గీతల వల్ల ఇల్లు విడిచిన తరానికి అది ఆలస్యంగా వచ్చిన మార్పు.

వారసత్వం, నివాసం

డుబ్రోవ్నిక్ పాత నగరం, స్ప్లిట్ చారిత్రక సముదాయం, కోటోర్ ప్రాంతం 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 1991 డిసెంబరులో డుబ్రోవ్నిక్‌పై తీవ్రంగా ఫిరంగిదాడి జరిగింది. ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో ఉన్న ఆ నగరం మరమ్మతుల అనంతరం 1998లో దాని నుండి బయటపడింది. రాయి కోలుకుంది. పాత నగరపు గోడల మధ్య కాపురముండేవారి సంఖ్య మాత్రం ఆనాటి నుండి గణనీయంగా తగ్గింది. ఇళ్లు యాత్రికుల బసలుగా మారడం దీనికి ఒక ప్రధాన కారణం. ఒక్కమారుగా వచ్చే విహారనౌకల ప్రయాణికులను పరిమితం చేసేందుకు నగరపాలన చర్యలు తీసుకోవలసి వచ్చింది. ఆడమ్ కాగితం మీద జనాన్ని తొలగించాడు. యాత్రావ్యాపారం ఆ పటాన్ని నిజం చేసే దిశగా సాగుతున్నది.

దీనికి ప్రతిగా మరొక ధోరణి కూడా కనిపిస్తుంది. మట్టి, సున్నం లేకుండా రాతిగట్టు పేర్చే విద్యను 2018లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఇటలీ, స్లొవేనియా, క్రొయేషియాలతో సహా ఎనిమిది దేశాలు దానిని ఉమ్మడిగా ప్రతిపాదించాయి. కట్టడంతో పాటు కట్టే చేతిని, పట్టణంతో పాటు పొలాన్ని వారసత్వంగా పరిగణించడం ఈ గుర్తింపులోని విశేషం.

ముగింపు

ఏడ్రియాటిక్ తూర్పు తీరపు పట్టణాలు ఒకదానికొకటి ఓడదారి చేత, ప్రతి ఒక్కటి తన వెనుక పల్లెసీమ చేత నిలిచాయి. యాత్రికుల రచనలు మొదటి బంధాన్ని నమోదు చేసినంతగా రెండవ దానిని నమోదు చేయలేదు. ఫోర్తిస్, లోవ్రిచ్‌ల గ్రంథాలు ఆ లోటును కొంత తీరుస్తాయి. తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 కాశీయాత్రలో క్షేత్రాలతో పాటు దారిలోని ఊళ్లను, బాటలను, జనుల స్థితిగతులను వ్రాసిపెట్టాడు. ఆ కారణంగానే ఆయన రచన చరిత్రకు ఆధారగ్రంథమైంది. మోటుపల్లి, మచిలీపట్నం వంటి మన రేవుల చరిత్రను వ్రాసేటప్పుడు కూడా రేవు దగ్గర ఆగిపోక, దానికి నీరు, ఉప్పు, నేతవస్త్రం అందించిన ఊళ్ల దాకా పరిశోధన సాగవలసి ఉంది. ఒనోఫ్రియో తొట్టి దగ్గర నిలిచి షుమెట్ ఊటను తలచుకోగలిగిన చూపే ఏ తీరపట్టణాన్నైనా పూర్తిగా చూడగలుగుతుంది.