వీసా ముద్ర కోసం ఎదురుచూసిన కాపురాలు



సాయంత్రం పూట సంఘం ఆఫీసులో కూర్చుని పదిమందికీ దరఖాస్తులు నింపిపెట్టడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. స్కాలర్‌షిప్పులు, వితంతు పింఛన్లు, రేషన్ కార్డులు, ఇవే ఎక్కువ. వీటి నడుమ ఎప్పుడో ఒకసారి ఒకరకం మనిషి వస్తాడు. వచ్చీరాగానే కాగితం బల్లమీద పెట్టడు. అందరూ లేచిపోయేదాకా మూల కుర్చీలో కూర్చుని, ఆపైన మెల్లగా అడుగుతాడు: "మాస్టారూ, మా ఇంటామె పాకిస్తాన్ పాస్‌పోర్టు మనిషి. మూడు నెలలు వచ్చి ఉండిపోవడానికి వీసా రావాలంటే ఏం చెయ్యాలి? నిఖా అయింది గదా, భార్యను రానివ్వడానికి అడ్డమేంది?"

ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. దీని వెనుక డెబ్బై అయిదేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది మన పిల్లలకు తెలియాలనే ఉద్దేశంతో నాకు తెలిసినంత మేరకు ఇక్కడ మనవి చేస్తున్నాను.

పర్మిట్ల కాలం

1947 ఆగస్టులో దేశం రెండైనప్పుడు మనుషుల రాకపోకలకు అడ్డు లేదు. కాందిశీకులు కాలినడకన, రైళ్ళలో, ఓడల్లో అటూ ఇటూ పోయారు. భార్య ఢిల్లీలో, భర్త లాహోరులో ఉన్నా, ఈ గొడవ సద్దుమణిగాక కలుసుకోవచ్చు లెమ్మని అనుకున్నవారే ఎక్కువ. 1948 జూలైలో మన ప్రభుత్వం పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవారికి పర్మిట్ తప్పనిసరి చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో పాకిస్తాన్ కూడా తనవైపు పర్మిట్ పెట్టింది. తూర్పు బెంగాలు వైపు మాత్రం 1952 దాకా ఈ నిర్బంధం లేదు.

పర్మిట్లలో రకాలు ఉండేవి. చూసిపోవడానికి వచ్చేవారికి తాత్కాలిక పర్మిట్, మళ్ళీ స్థిరపడడానికి వచ్చేవారికి శాశ్వత పర్మిట్. ఆ రోజుల్లో సామాన్యుడికి ఈ తేడా ఎక్కడ తెలుసు? ఏది తొందరగా దొరికితే దానిమీద వచ్చేశారు. తీరా 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చాక ఆ కాగితం ముక్కే మనిషి ఏ దేశస్థుడో తేల్చింది. 1947 మార్చి 1 తరువాత పాకిస్తాన్‌కు వలసపోయినవారు భారత పౌరులుగా పరిగణింపబడరనీ, స్థిరనివాసానికిచ్చిన పర్మిట్ మీద తిరిగివచ్చినవారికే మినహాయింపనీ 7వ అధికరణం చెబుతుంది.

దీనికి ఒక ఉదాహరణ గలదు. బీహారుకు చెందిన ఒక రాణీగారు 1948లో కరాచీ వెళ్ళి, తాత్కాలిక పర్మిట్ మీద తిరిగివచ్చి, మళ్ళీ వెళ్ళారు. ఆమె ఆస్తి వ్యవహారం 1955లో సుప్రీం కోర్టు దాకా పోయింది. భర్త ఈ దేశవాసి గదా, భర్త నివాసమే భార్య నివాసం గదా అని వాదించారు. 7వ అధికరణం ముందు ఆ వాదన నిలవదని కోర్టు తేల్చింది. రాణీగారికే దిక్కులేకపోతే, బండి తోలేవాడి భార్యకు ఏం దిక్కు?

1973లో ఎం.ఎస్. సత్యు తీసిన 'గర్మ్ హవా' చిత్రం చూసినవారికి ఒక ఘట్టం జ్ఞాపకం ఉంటుంది. ఆగ్రాలో ఉన్న పిల్లను పెళ్ళాడడానికి కుర్రవాడు అటునుంచి పాస్‌పోర్టు లేకుండా వస్తాడు. పెళ్ళి పనులు జరుగుతుండగానే పోలీసులు పట్టుకుపోతారు. అది సినిమా కథే గాని, అటువంటి ఇళ్ళు దేశంలో ఎన్ని లేవు!

పాస్‌పోర్టు వచ్చింది

1952 అక్టోబరు 15 నుంచి పర్మిట్లు పోయి, రెండు దేశాల నడుమ పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. మన హైదరాబాద్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఇక్కడినుంచి ఎన్నో కుటుంబాలు కరాచీ చేరాయి. అక్కడ హైదరాబాద్ కాలనీ అనే పేటే వెలిసింది. మన పచ్చళ్ళూ, బగారా బైంగన్ ఈనాటికీ ఆ పేటలో దొరుకుతాయి. అన్నదమ్ముల్లో ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ. మేనరికాలు మనలో మామూలే గనుక, దేశాలు వేరైనా సంబంధాలు ఆగలేదు. చిన్నప్పుడు అనుకున్న మాటప్రకారం పిల్లనిచ్చారు, చేసుకున్నారు.

అయితే పాస్‌పోర్టు అనేది టికెట్టు వంటిది కాదు. 1956 పౌరసత్వ నియమాల ప్రకారం పరదేశపు పాస్‌పోర్టు పుచ్చుకోవడమే ఆ దేశపు పౌరుడైనట్టు తిరుగులేని రుజువు. 1962లో సుప్రీం కోర్టు ఈ నియమం చెల్లుతుందన్నది. 1957లో విదేశీయుల చట్టాన్ని కూడా సవరించి, భారత పౌరుడు కానివాడల్లా విదేశీయుడే అన్నారు. అక్కడ చిక్కుకున్న వాడు ఇంటికి రావడానికి వేరే దారిలేక పాకిస్తాన్ పాస్‌పోర్టు తీసుకుంటే, ఇంటికి వచ్చాక పరదేశి అయ్యాడు.

మన రాష్ట్రం నుంచే అటువంటి కేసు ఒకటి 1961లో సుప్రీం కోర్టు చేరింది. ఇక్కడ పుట్టినవాడే, పాకిస్తాన్ వెళ్ళి ఆ పాస్‌పోర్టు మీద వీసాతో తిరిగివచ్చి, గడువు దాటినా ఉండిపోయాడు. పౌరసత్వం పోయిందా లేదా అన్నది క్రిమినల్ కోర్టు తేల్చేది కాదు, కేంద్ర ప్రభుత్వం తేల్చాలి అని తీర్పు వచ్చింది. ఆ మనిషి అప్పటికి బయటపడ్డాడు గాని, గడువు దాటి ఉండిపోతే ఏమవుతుందో అందరికీ తెలిసివచ్చింది.

యుద్ధాలూ, తలుపులూ

1965లో యుద్ధం వచ్చింది. రాజస్థాన్‌లో మునాబావ్, అవతల ఖోఖ్రాపార్ మీదుగా పోయే రైలుమార్గం తెగిపోయింది. మళ్ళీ ఆ దారిన రైలు నడిచింది 2006 ఫిబ్రవరిలో. నలభై ఏళ్ళు! 1971 డిసెంబరు యుద్ధంతో రాయబార సంబంధాలే పోయాయి. ఒకరి వ్యవహారాలు ఇంకొకరి దేశంలో స్విట్జర్లాండ్ చూసిపెట్టింది. 1972 సిమ్లా ఒప్పందం తరువాత, 1974 సెప్టెంబరు 14న ఇస్లామాబాదులో వీసాల ఒప్పందం జరిగింది. అదేరోజు తపాలా, టెలిఫోన్ల ఒప్పందాలు కూడా అయ్యాయి. అంటే దాదాపు మూడేళ్ళ పాటు భార్యాభర్తలకు కలుసుకునే మాట అటుంచి, నేరుగా ఉత్తరం కూడా లేదన్నమాట. 1976 జూలైలో సంఝౌతా ఎక్స్‌ప్రెస్ మొదలైంది.

ఇక మా ఇంటి సంగతి. మా అన్నయ్య 1983లో కరాచీ వెళ్ళి మా మామూ కూతురిని నిఖా చేసుకుని వచ్చాడు. భాభీ విజిటర్ వీసా మీద ఆర్నెల్ల తరువాత వచ్చింది. ఆ రోజుల్లో వీసాలో మూడు ఊళ్ళకు మించి రాసేవారు కాదు. ఆమె వీసాలో కర్నూలు, హైదరాబాద్ ఉన్నాయి, ఆదోని లేదు. ఆదోనిలో మా చెల్లెలి పెళ్ళి. ఇంటి పెద్ద కోడలు, వంటల దగ్గరనుంచి అన్నీ తానే సర్ది, మమ్మల్నందరినీ బస్సెక్కించి, తాను ఒక్కతే ఇంట్లో ఉండిపోయింది. "నా నిఖానామా ఎవరూ చూడరు భయ్యా, ఊరి పేరే చూస్తారు" అన్నది నాతో. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

గడువు పొడిగింపు కోసం అన్నయ్య తిరిగిన తిరుగుళ్ళు అన్నీ ఇన్నీ కావు. పౌరసత్వానికి దరఖాస్తు పెడదామంటే ఇక్కడ కొన్నేళ్ళు ఎడతెగకుండా ఉండాలి. ఈలోగా కరాచీలో వాళ్ళ అమ్మకు పక్షవాతం వచ్చిందని టెలిగ్రాం. వెళ్తే మళ్ళీ వీసా వస్తుందో రాదో. చంటిపిల్ల ఒళ్ళో ఉంది. భాభీ వెళ్ళలేదు. మామీ పోయిన కబురు పదిరోజులకు ఉత్తరంలో వచ్చింది. తప్పు ఫలానా వారిదని చెప్పలేను. ఆఫీసులో కూర్చున్న గుమాస్తా తన రూలు తాను చూశాడు. రూలులో తల్లీకూతుళ్ళు లేరు, అంతే.

చట్టంలో భార్య, భర్త

1955 పౌరసత్వ చట్టంలో మొదట భారత పౌరుడిని చేసుకున్న స్త్రీకి మాత్రమే వివాహం ద్వారా రిజిస్ట్రేషన్ దారి ఉండేది. మన ఆడపిల్లను చేసుకున్న పరదేశపు అల్లుడికి ఆ దారి లేదు. 1986 సవరణతో స్త్రీ పురుషులిద్దరికీ వర్తింపజేసి, అయిదేళ్ళ నివాసం షరతు పెట్టారు. 2003 సవరణతో అది ఏడేళ్ళయింది. ఏడేళ్ళూ ఏ కాగితం మీద ఉండాలి? పాకిస్తాన్ నుంచి వచ్చి ఇక్కడ కాపురముండే భార్యలకు దీర్ఘకాలిక వీసా ఉన్నది ఇందుకే.

మిగతా చాలా దేశాలవారికి ఇంత కష్టం లేదు. పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండితే జీవిత భాగస్వామి ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులుగా ఉన్నవారికీ, తల్లిదండ్రులో, తాతముత్తాతలో ఆ దేశపు పౌరులైనవారికీ ఆ కార్డు లేదు.

1994 చివర కరాచీలోని మన కాన్సులేటు మూతపడింది. అప్పటినుంచి కరాచీ వారు వీసా కోసం ఇస్లామాబాదు వైపు చూడవలసి వచ్చింది. 1999లో ఢిల్లీ-లాహోరు బస్సు వచ్చింది. పార్లమెంటు మీద దాడి తరువాత 2002 జనవరి నుంచి బస్సూ రైలూ ఆగాయి. బస్సు 2003లో, రైలు 2004లో తిరిగి కదిలాయి. ఈ తారీఖులన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ప్రతి తారీఖు వెనుక మన ఇళ్ళలో పెట్టె సర్దుకున్నవారు ఒకరు, సర్దిన పెట్టె విప్పినవారు ఒకరు ఉన్నారు.

2012 సెప్టెంబరు 8న ఇస్లామాబాదులో రెండు దేశాలు కొత్త వీసా ఒప్పందం చేసుకున్నాయి. మూడు ఊళ్ళు అయిదయ్యాయి. అన్నిటికన్న ముఖ్యం, ఒక దేశపు వ్యక్తిని పెళ్ళాడిన రెండో దేశపు వ్యక్తికి రెండేళ్ళ దాకా, పలుమార్లు వచ్చిపోయే విజిటర్ వీసా ఇవ్వవచ్చునని రాశారు. పర్మిట్ పెట్టిన 64 ఏళ్ళకు పెళ్ళి అన్నమాటకు వీసా ఒప్పందంలో ఇంత చోటు దొరికింది. అయినా అది "ఇవ్వవచ్చును" అన్నమాటే. "ఇచ్చి తీరవలెను" కాదు.

ఆ ముచ్చటా ఎక్కువకాలం నిలవలేదు. 2019 ఆగస్టులో సంఝౌతా, థార్ రైళ్ళు రెండూ ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో అమాయకులను చంపిన ఘోరం జరిగాక, పాకిస్తానీయులకిచ్చిన వీసాలు ఏప్రిల్ 27 నుంచి రద్దయ్యాయి. వైద్యం కోసం వచ్చినవారికి 29 దాకా గడువిచ్చారు. దీర్ఘకాలిక వీసాలకు మినహాయింపు ఉండింది. అట్టారి దగ్గర తల్లిది ఒక పాస్‌పోర్టు, బిడ్డది ఇంకో పాస్‌పోర్టు అయిన కుటుంబాలు నిలబడిపోయిన దృశ్యాలు పత్రికల్లో మనమంతా చూశాము. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి 1946 నాటి విదేశీయుల చట్టం స్థానే 2025 కొత్త చట్టం అమలులోకి వచ్చింది.

మన కర్తవ్యం

ఇంత చరిత్రలోంచి నాకు తేలింది ఒక్కటే. కాపురం ఇద్దరిదైనా, వీసా రెండు ప్రభుత్వాలది. వాళ్ళ మధ్య పొసగినప్పుడు తలుపు తెరుచుకుంటుంది, చెడినప్పుడు మూసుకుంటుంది. దేశభద్రత చూసుకోవడం ప్రభుత్వం బాధ్యత, దాన్ని కాదనేవాళ్ళం కాము. కాని తలుపు మూతపడే రోజున మనవాళ్ళు ఏ కాగితం మీద ఉన్నారన్నది మన చేతుల్లో ఉంది.

కావున సభ్యులకు నా మనవి. నిఖానామాతో తృప్తిపడక వివాహాన్ని ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించండి. రెండుచోట్లా పేర్లు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్క అక్షరం తేడా లేకుండా చూడండి. వచ్చినవారు పోలీసు రిపోర్టు చెయ్యవలసి ఉంటే ఆ గడువు తప్పకండి. వీసాలో లేని ఊరికి పెళ్ళి గదా, చావు గదా అని తీసుకుపోకండి. కాపురముండడానికి వచ్చిన కోడలిని విజిటర్ వీసా మీదే ఏళ్ళ తరబడి ఉంచక, దీర్ఘకాలిక వీసాకు వేళకు దరఖాస్తు పెట్టండి. అన్ని కాగితాల నకళ్ళు సంఘం ఆఫీసులో ఒక ఫైలులో ఉంచితే, అవసరం పడిన రాత్రి వెతుక్కోనక్కరలేదు.

ఇంకొకటి. సరిహద్దు అవతల సంబంధం చూసే పెద్దలు కట్నకానుకల మాట ఎత్తకముందు, ఈ వివరాలన్నీ పిల్లకు చెప్పి, ఆమెను అడగండి. "నీ తల్లికి బాగోలేకపోతే వెంటనే పోలేకపోవచ్చు. ఒప్పుకుంటావా?" అని అడగండి. మా భాభీని ఆ మాట ఎవ్వరూ అడగలేదు. ఆమెకిప్పుడు భారత పౌరసత్వం ఉంది, వోటు ఉంది, మనవలున్నారు. వాళ్ళమ్మ సమాధి మాత్రం ఆమె ఇంతవరకూ చూడలేదు.

సెలవు.