గణకులు - గణనయంత్రములు

నేడు కంప్యూటరు అనగానే మనకు యంత్రమే స్ఫురించును. కాని ఆంగ్లభాషలో ఈ పదము పుట్టిన పిదప మూడువందల సంవత్సరములకు పైగా అది యంత్రమునకు గాక మనుష్యునకే వర్తించెను. లెక్కలు చేయుటయే ఉద్యోగముగా గలవారిని కంప్యూటరులని పిలిచెడివారు. నక్షత్రశాలలలో, భూమి సర్వే శాఖలలో, నావికుల కొరకు పంచాంగములు సిద్ధపరచు కార్యాలయములలో ఇట్టివారు పనిచేయుచుండిరి. తెలుగులో వీరిని గణకులు అనుకొందము. ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున, ఒక్క తరము గడచులోపల, ఈ ఉద్యోగము దాదాపు అంతరించెను. ఉద్యోగము పోయినను దాని పేరు మాత్రము దానిని తొలగించిన యంత్రమునకు దక్కినది.

క్రొత్త యంత్రములు ప్రవేశించినప్పుడు పనిచోట ఏమి జరుగునని మన విద్యార్థులు, వారి తల్లిదండ్రులు నేడు ఆందోళనతో అడుగుచున్నారు. గణకుల చరిత్ర ఆ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలదు; ఏలయన ఆ కథ మొదలునుండి తుదివరకు మన యెదుట ఉన్నది.

లెక్కను పంచుకొనుట

1682లో కనిపించిన తోకచుక్క 1758 ప్రాంతమున మరల వచ్చునని ఎడ్మండ్ హేలీ చెప్పియుండెను. గురుగ్రహము, శనిగ్రహము దానిని ఆకర్షించుటచేత దాని రాక ఎంత ఆలస్యమగునో తేల్చవలెను. ఫ్రాన్సు దేశమున క్లేరో, లలాండ్, నికోల్ రేన్ లెపోత్ అను మహిళ, ఈ మువ్వురును ఆ లెక్కను పంచుకొని నెలల తరబడి శ్రమించిరి. తోకచుక్క 1759 ఏప్రిలు మధ్యకు సూర్యునికి మిక్కిలి సమీపమునకు వచ్చుననియు, ఒక నెల అటునిటు కావచ్చుననియు 1758 నవంబరులో ప్రకటించిరి. అది మార్చి 13వ తేదీన వచ్చినది. ఒక్కరివలన కాని లెక్క పదిమంది చేతులు కలిపిన సాధ్యమగునని దీనివలన తెలిసినది.

ఈ పద్ధతిని పరాకాష్ఠకు తెచ్చినవాడు గాస్పార్ ద ప్రోనీ అను ఫ్రెంచి ఇంజనీరు. విప్లవ ప్రభుత్వము మెట్రిక్ మానములను ప్రవేశపెట్టుచు, కోణములను గూడ దశాంశ పద్ధతిని విభజింపదలచెను. అందుకు క్రొత్త లాగరిథమ్ పట్టికలు, త్రికోణమితి పట్టికలు కావలసివచ్చెను. 1790 తరువాత ఆ భారము ప్రోనీపై పడినది. గుండుసూది తయారీని చిన్నచిన్న పనులుగా విడదీసి, ఒక్కొక్కనికి ఒక్కొక్క పనిని అప్పగించినచో ఉత్పత్తి ఎన్నోరెట్లు పెరుగునని ఆడమ్ స్మిత్ 1776లో వ్రాసియుండెను. దానిని చదివిన ప్రోనీ లాగరిథములను గూడ గుండుసూదులవలె తయారుచేయవచ్చునని తలచెను.

ఆయన కార్యాలయమును మూడు అంతస్తుల మేడగా ఊహించుకొందము. పై అంతస్తున కొలదిమంది గణితవేత్తలు. తగిన సూత్రములను ఎన్నుకొనుట వారి పని. నడిమి అంతస్తున ఏడెనిమిది మంది. ఆ సూత్రములను చిన్న మెట్లుగా విడదీసి, కాగితములపై గడులు గీసి క్రిందికి పంపుట, తిరిగివచ్చిన ఫలితములను సరిచూచుట వారి పని. క్రింది అంతస్తున 60 నుండి 80 మంది. వీరికి కూడికయు, తీసివేతయు తెలిసిన చాలును.

కూడికలతోనే పట్టికలెట్లు తయారగునని పాఠకులకు సందేహము కలుగవచ్చును. వర్గసంఖ్యలను తీసికొనుడు: 1, 4, 9, 16, 25. ప్రక్కప్రక్క సంఖ్యల భేదములు 3, 5, 7, 9. ఈ భేదముల మధ్య భేదము ఎల్లప్పుడును 2. కావున 6 యొక్క వర్గము కావలసినచో గుణింపనక్కరలేదు. 9కి 2 కూడగా 11. 25కు 11 కూడగా 36. గుణకారము రానివాడును ఈ విధముగా ఎంతదూరమైనను పోగలడు. లాగరిథముల విషయమున సంఖ్యల మధ్య ఎడమును మిక్కిలి చిన్నదిగా తీసికొని, ఇట్టి భేదములనే వాడుకొనిరి.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ప్రోనీ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించెను. క్రింది అంతస్తు పని ఇంత నియమబద్ధమైనదైనచో దానిని పళ్ళచక్రములచేత ఏల చేయింపరాదు? 1822లో ఆయన భేదయంత్రమునకు చిన్న నమూనాను నిర్మించెను. పూర్తి యంత్రము ఆయన జీవితకాలమున నిర్మింపబడలేదు. ఆయన చిత్రపటముల ననుసరించి లండను సైన్సు మ్యూజియమువారు 1991లో గణనభాగమును నిర్మించి చూడగా అది సరిగా పనిచేసెను.

ఇచ్చట గమనింపదగిన క్రమమొకటి కలదు. ముందుగా పని మెట్లుమెట్లుగా విడిపోయినది. మనుష్యులే దానిని యంత్రమువలె చేసిరి. యంత్రము తరువాత వచ్చినది. పనిచోటులలో మార్పు యంత్రము గుమ్మములో అడుగిడిన నాటికి చాలముందే మొదలగును.

మన దేశమున గణకులు

మన దేశమునకును గణకుల చరిత్రలో స్థానమున్నది. 1831లో రాధానాథ్ సిక్దార్ అను వంగ యువకుడు మహా త్రికోణమితి సర్వేలో గణకుడుగా చేరి, తరువాత ప్రధాన గణకుడయ్యెను. పదునైదవ శిఖరమని అంతవరకు సంఖ్యతో పిలువబడిన పర్వతము లోకములో కెల్ల ఎత్తైనదని తేల్చిన గణనలో ఆయన ముఖ్యుడని చెప్పుదురు. 1856లో ప్రకటింపబడిన ఆ ఎత్తు 29,002 అడుగులు, అనగా సుమారు 8,840 మీటర్లు. 2020లో నేపాలు, చైనా దేశములు కలసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. శిఖరము నిచ్చెన వేసి కొలిచినది కాదు. దూరమునుండి తీసిన కోణములు, కాంతి వంగుటకు వేసిన సవరణలు, పుటలకొద్ది కాగితముపై చేసిన లెక్కలు దానిని నిర్ణయించినవి. శిఖరమునకు మాత్రము ఎవరెస్టు అను దొర పేరు నిలిచినది.

హైదరాబాదులోని నిజామియా నక్షత్రశాలకును ఇట్టి కీర్తి కలదు. ఆకాశమునంతటిని ఫోటో పలకలపై చిత్రించి నక్షత్రముల జాబితా వ్రాయవలెనని 1887లో పారిస్ నగరమున జరిగిన సభలో నిశ్చయించిరి. ఆ పనిలో దక్షిణాకాశమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల మండలము హైదరాబాదు వంతునకు వచ్చెను. లక్షలకొలది నక్షత్రముల స్థానములను పలకలపై సూక్ష్మముగా కొలిచి, ఒక్కొక్కదానికి లెక్కకట్టి సంపుటములుగా ప్రకటించిరి. సంపుటములు మిగిలినవి, దినదినము ఆ అంకెలు వ్రాసిన చేతులలో ఎన్నింటి పేర్లు మనకు తెలియును?

యంత్రము వచ్చినప్పుడు

రెండవ ప్రపంచయుద్ధమున ఫిరంగిగుండ్ల గమనమును తెలుపు పట్టికలు అమెరికా సైన్యమునకు అత్యవసరములయ్యెను. ఒక్క గుండు మార్గమును లెక్కించుటకు బల్లపై పెట్టుకొను యంత్రముతో నిపుణురాలైన గణకురాలికి ఇంచుమించు 20 గంటలు పట్టెడిది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున నిర్మింపబడి 1946 ఫిబ్రవరిలో ప్రజలకు చూపబడిన ఎనియాక్ యంత్రము ఆ లెక్కను 30 సెకండ్లలో ముగించెను. దానిలో సుమారు 18,000 వాల్వులుండెను. బరువు 30 టన్నులు.

కాని ఆ యంత్రమునకు ఏ లెక్క ఎట్లు చేయవలెనో తెలుపవలసినవారెవరు? గణకురాండ్రనుండియే ఆరుగురిని ఎన్నుకొనిరి. వారి పేర్లు కాథ్లీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్. వారికి బోధించుటకు పుస్తకము లేదు. తీగల పటములను చూచియే యంత్రమును నేర్చుకొని, వారు క్రింది అంతస్తునుండి నడిమి అంతస్తునకు ఎక్కిరి. అయినను ప్రదర్శననాటి విందునకు వారిని పిలువలేదు.

విమానశాస్త్ర పరిశోధనలు జరుగు లాంగ్లీ కేంద్రమున 1935లో అయిదుగురు మహిళలతో గణకశాఖ ఏర్పడెను. 1943 నుండి అందు నల్లజాతి మహిళలను గూడ చేర్చుకొనిరి గాని వారికి పనిగది వేరు, భోజనపు బల్ల వేరు. ఆ యేడు చేరిన డొరతీ వాన్ అంతకుముందు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయిని. 1949లో ఆమె ఆ శాఖకు అధిపతి అయ్యెను. 1958లో నాసా ఏర్పడగా జాతిభేదమును పాటించు శాఖలు రద్దయినవి. గణనమును ఎలక్ట్రానిక్ యంత్రములు గ్రహించుచుండెను. వాన్ అంతకుముందు సంవత్సరమే వెలువడిన ఫోర్‌ట్రాన్ అను యంత్రభాషను నేర్చి, అందు ప్రవీణురాలయ్యెను. కాని 1971లో ఉద్యోగ విరమణ చేయువరకు ఆమెకు మరల అధిపతి పదవి లభింపలేదు. క్రొత్త విద్య ఉద్యోగమును నిలిపినది. పాత హోదాను నిలుపలేకపోయినది.

1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమిని చుట్టివచ్చుటకు ముందు, యంత్రము తేల్చిన అంకెలను కాథరిన్ జాన్సన్ అను మాజీ గణకురాలిచేత మరల లెక్కకట్టింపుడని కోరెను. ఆమెయు పూర్వము ఉపాధ్యాయినియే. యంత్రము వేగముగా చెప్పినదానిని నమ్మవచ్చునా అని తేల్చుటకు లెక్కలోని కారణము తెలిసినవారు కావలసివచ్చిరి.

మన కార్యాలయములు

కలకత్తాలోని భారత గణాంక సంస్థ ఇంగ్లండునుండి తెప్పించిన గణనయంత్రము 1956లో పనిచేయ నారంభించెను. 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ మన దేశమున రూపొందిన కంప్యూటరులను నిర్మించి అమ్మెను. అదే దశకమున జీవితబీమా సంస్థ కలకత్తా కార్యాలయమున కంప్యూటరును ప్రవేశపెట్టదలచగా ఉద్యోగులు తీవ్రముగా ప్రతిఘటించిరి. బ్యాంకులలో 1983లో యాజమాన్యములకును ఉద్యోగ సంఘములకును ఒడంబడిక జరిగిన పిదపనే కంప్యూటరులకు దారి ఏర్పడినది.

ఈ ప్రతిఘటనను మూఢత్వమని కొట్టివేయరాదు. పద్దులు వ్రాయు గుమాస్తా తాను ఏ అంతస్తున ఉన్నాడో ఎరుగును. యంత్రము వలన దేశమునకు లాభమా అన్న ప్రశ్నకంటె, ఆ లాభము వచ్చునాటికి తన స్థానమెక్కడ అన్న ప్రశ్న అతనికి దగ్గరిది. కూర్చుండి మాటలాడుకొని, శిక్షణమునకు వ్యవధి ఇచ్చినచోట ఉన్నవారు క్రొత్త పనిలోనికి రాగలిగిరి. వ్యవధి లేనిచోట నష్టము క్రింది అంతస్తువారిదే అయినది.

ఫోర్‌ట్రాన్ వంటి భాషలు వచ్చిన నాడే యంత్రము నడిమి అంతస్తు మెట్లపై కాలుమోపినది. మనుష్యుడు సూత్రమును వ్రాసిన, దానిని మెట్లుగా విడదీయు పనిని యంత్రమే చేసికొనును. 2022 తరువాత వ్యాప్తిలోనికి వచ్చిన కృత్రిమ మేధ యంత్రములు మామూలు మాటలలో అడిగినను ప్రోగ్రాములు వ్రాయుచున్నవి. హైదరాబాదులోను, దేశాంతరములలోను ఆ పనిమీదనే జీవించు తెలుగువారు ఎందరో కలరు. కావున ఈ పర్యాయము ప్రశ్న నేరుగా మన ఇండ్లలోనికి వచ్చినది. గణకుల చరిత్ర చెప్పునది ఇంతమాత్రము: నియమములుగా విడిపోయిన భాగము యంత్రమునకు పోవును; ప్రశ్నను సరిగా నిలుపుట, ఫలితమును పరీక్షించుట అను భాగములు పెరుగును; కాని పోయిన పనివారు పెరిగిన పనిలోనికి తమంతట తామే చేరరు. వారికి నేర్పువారుండవలెను, నేర్చుటకు వ్యవధి ఉండవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక గంటలో చూపవచ్చును. ఘనసంఖ్యల పట్టికను ఎన్నుకొనుడు: 1, 8, 27, 64, 125. మొదటి భేదములు 7, 19, 37, 61. రెండవవి 12, 18, 24. మూడవ భేదము ఎల్లప్పుడును 6. ఒక విద్యార్థికి 6 కూడు పని, ప్రక్కవానికి తరువాతి కూడిక, మూడవవానికి ఆ తరువాతిది అప్పగింపుడు. పట్టిక చకచక సాగును. నడుమ ఒక కూడికలో రహస్యముగా తప్పు చేయింపుడు. ఆ తరువాత వచ్చు సంఖ్యలన్నియు చెడును, కూడువారికి ఏమియు తెలియదు. అప్పుడు పట్టికను తరగతికి చూపి, తప్పు ఎచ్చట మొదలైనదో కనుగొనుమని అడుగుడు. పిమ్మట పనులను తారుమారు చేసి, కూడిన విద్యార్థులచేతనే తరువాతి పట్టికకు భేదములను కట్టింపుడు.